లాస్య ఆలోచించుకుంటోంది

మహోన్నత విశ్వవిద్యాలయం వారు ఆ ఏడాది దసరా సెలవుల్లో ఒక ప్రకటన చేశారు. ఎప్పటిలాగే ఈసారీ తమ దగ్గర చేరదలచిన విద్యార్థులు రెండు రకాలట. ముందుగా మనసు పడ్డవాళ్ళు, తర్వాత మనసు పడ్డవాళ్ళు. మొదటి రకం వాళ్ళు నవంబరు నెలాఖరులోగా దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్ళలో నలుగురికొకరికి సీటు. రెండో రకం వాళ్ళు మార్చిలో తీరిగ్గా పెట్టుకోవచ్చు. వాళ్ళలో రెండు వందల మందికొకరికి సీటు.

అయితే ముందుగా పెట్టుకున్నవాళ్ళు మరో కాలేజీకి దరఖాస్తు పెట్టరాదు, పెట్టాలని అనుకోరాదు, ఎవరైనా పెట్టుకుంటుంటే పక్కన నిలబడి చూడరాదు. సీటిస్తే చేరి తీరాలి. ఫీజెంతో చేరాక చెబుతారు. అనురాగానికి ధర అడగడం తమ సంస్కృతి కాదని ప్రకటన చివర రాశారు.

ఇదంతా భీమవరంలో వీర్రాజు గారింట్లోకి పేపరుతో పాటు వచ్చిపడింది. వీర్రాజు రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేస్తాడు. ఆయన భార్య అనంతలక్ష్మి మునిసిపల్ స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లాస్య ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. లాస్యకి నీళ్ళలో బతికే ప్రతిదీ ఇష్టం. మహోన్నతలో సముద్ర జీవశాస్త్రం ఉందని, ల్యాబులో గోడంత అద్దాల తొట్టి ఉందని అందులో చదివినప్పట్నుంచీ ఆ తొట్టి కళ్ళముందు మెదులుతోంది. ఇంటికి గంట దూరంలో గవర్నమెంటు చేపల కాలేజీ కూడా ఉంది. అక్కడ అద్దాల తొట్టి లేదు గానీ నిజం చెరువులున్నాయి. అవీ కళ్ళముందు మెదులుతున్నాయి.

"నలుగురికొకరు ఎక్కడ, రెండొందల మందికొకరు ఎక్కడ! ఇందులో ఆలోచించడానికేముంది?" అంది అనంతలక్ష్మి. లెక్కల టీచరు కదా, ఆవిడకది మూడో తరగతి లెక్కలా కనిపించింది.

"చేరి తీరాలంటున్నారు కదే. దాని మనసులో ఏముందో దాన్ని అడుగు" అన్నాడు వీర్రాజు.

ఇద్దరూ లాస్య వైపు తిరిగారు.

"నాకింకా తెలియట్లేదు" అంది లాస్య.

ఆ ఇంట్లో ఆ మాట అనడం తప్పు కాదు. మహోన్నత నియమావళిలో మాత్రం దానికి ఒక అధ్యాయమే ఉంది.

ముందస్తు దరఖాస్తు కావాలంటే ఊరికే ఇచ్చేయరు. ముందు నిష్ఠ రుజువు చేసుకోవాలి. అందుకు ఒక నిష్ఠాధికారి ఇంటికొచ్చి చూసి వెళతాడు. అనంతలక్ష్మి ఫోన్ చేసి రమ్మంది. చూడటానికే కదా, చూడనిమ్మంది.

వచ్చినాయన పేరు పరాంకుశం. పొడుగ్గా, సన్నగా, చంకలో ఫైలుతో చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రాగానే గాలి పీల్చి చూశాడు, ఇంట్లో వేరే కాలేజీ వాసనేమైనా వస్తోందేమోనన్నట్టు. హాలు చూశాడు, లాస్య పుస్తకాల బల్ల చూశాడు. వంటింట్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు.

"ఇదేమిటండీ?"

"క్యాలెండరండి" అంది అనంతలక్ష్మి.

"ఏ సంస్థది?"

"ఏదో కాలేజీ వాళ్ళది. పేపర్లో పెట్టి ఊరంతా పంచారండి. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో దానిమీద రాసుకుంటాను."

పరాంకుశం గంభీరంగా తలాడించాడు. "అంటే ఈ గృహంలో ప్రతి ఉదయం అన్యసంస్థా దర్శనం జరుగుతోందన్నమాట."

"మేం తిథి చూసుకుంటామండి, కాలేజీని కాదు" అన్నాడు వీర్రాజు.

"చూపు తిథి మీద ఉండవచ్చు. మనసు ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరండీ?" అంటూ ఆయనే స్వయంగా క్యాలెండర్ని గోడవైపు తిప్పి పెట్టాడు. తర్వాత హాల్లో కూర్చుని, కాఫీ పుచ్చుకుని, కలం తీశాడు. "అమ్మాయిలో మా విద్యాపీఠం పట్ల ఆకాంక్ష ఎప్పుడు అంకురించింది?"

లాస్య నోరు తెరిచేలోపే అనంతలక్ష్మి అందుకుంది. "కడుపులో ఉన్నప్పుడేనండి. మహోన్నత అనే మాట వినపడితే చాలు, కాలితో తన్నేది."

పరాంకుశం మొహం వెలిగింది. "గర్భస్థ దశ" అని పలుకుతూ రాసుకున్నాడు.

"అప్పటికి మీ యూనివర్సిటీ లేదు కదండీ? తొమ్మిదేళ్ళ కిందట కదా కట్టారు?" అన్నాడు వీర్రాజు.

"అందుకే దానికి విలువ ఎక్కువండీ. ఉన్నదాన్ని ఎవరైనా కోరతారు."

"నేనేం తన్నలేదండీ. పోయిన మంగళవారం పేపర్లో చూస్తే తెలిసింది. బాగుందనిపించింది. చేపల కాలేజీ కూడా బాగుందనిపిస్తోంది" అంది లాస్య.

అనంతలక్ష్మి కూతురు వైపు ఒక చూపు చూసింది. పరాంకుశం మాత్రం చలించలేదు. "సంకోచం. విరహంలో అది కూడా ఒక దశే" అని చెప్పి, నిష్ఠా సమావేశానికి రమ్మని తేదీ ఇచ్చి వెళ్ళిపోయాడు.

సమావేశం విశ్వవిద్యాలయంలోనే. తండ్రీ కూతుళ్ళు తెల్లారేసరికి బస్సు దిగి, అందరికంటే ముందు చేరుకున్నారు. చూస్తుండగానే వరండా నిండిపోయింది. వచ్చినవాళ్ళలో ఎవరి నిష్ఠ వాళ్ళది. ఒక కుర్రాడు విశ్వవిద్యాలయం చిహ్నాన్ని జుట్టులో గొరిగించుకొచ్చాడు. ఒకమ్మాయి సీటొచ్చేదాకా మామిడిపండు ముట్టనని ఒట్టు పెట్టుకుందట. అది నవంబరు కాబట్టి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇంకొకాయన తన కొడుకు జాతకం పట్టుకొచ్చాడు. ఏ గ్రహం మహోన్నత వైపు చూస్తోందో ఎర్రసిరాతో గుర్తు పెట్టించాడు.

"మీరేం తెచ్చారండీ?" అని ఆయన వీర్రాజుని అడిగాడు.

"అమ్మాయిని తెచ్చానండి" అన్నాడు వీర్రాజు. ఆయన పాపం జాలిపడి కాస్త జరిగి చోటిచ్చాడు.

మొదటి పిలుపు లాస్యకే వచ్చింది. లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో ఉపకులపతి ఆచార్య హయగ్రీవం. ఆయనకి కుడిపక్క రిజిస్ట్రారు. ఎడంపక్క, కొంచెం ఎడంగా, కుసుమ గారనే ఒక నడివయసు ఆవిడ. దేశంలోని విశ్వవిద్యాలయాలకి ర్యాంకులిచ్చే సంస్థ తరఫున పరిశీలనకొచ్చింది ఆవిడ. ఆవిడ పెన్ను కదిలినప్పుడల్లా మిగతా ఇద్దరి నడుములూ నిటారుగా అవుతున్నాయి.

"కుమారీ లాస్యా! ఈ విద్యాపీఠం పట్ల మీకుగల అనురాగం ఎంతటిది?" అన్నాడు హయగ్రీవం.

"అది తెలుసుకుందామనే వచ్చానండి."

"ఇతర సంస్థలను గూర్చి ఎన్నడైనా తలచితిరా?"

"ఆయ్. మా దగ్గర్లో చేపల కాలేజీ ఉందండి."

రిజిస్ట్రారు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. హయగ్రీవం కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏకకాలమున రెండు సంస్థల యందు మనసు నిలిపినవారి నిష్ఠను మేము ఏ విధముగా విశ్వసించవలెను?"

లాస్య ఒక్క క్షణం ఆలోచించింది. పొగరుతో కాదు, నిజంగానే తెలియక అడిగింది. "మరి మీరు ఎంతమందిని చూస్తున్నారండీ?"

"నలభై ఎనిమిది వేల మందిని!" అన్నాడు రిజిస్ట్రారు, ఆపుకోలేని గర్వంతో.

"అంతమందిని ఒకేసారి చూస్తూ, నన్ను మాత్రం మిమ్మల్నొక్కళ్ళనే చూడమంటున్నారు. మరి మీ నిష్ఠని నేనెలా నమ్మాలండీ?"

కుసుమ గారు కొత్త పేజీ తిప్పింది. "మంచి ప్రశ్న. జవాబు చెప్పండి సార్, రాసుకుంటాను."

హయగ్రీవానికి ఎదురుగా ఎవరైనా రాసుకుంటుంటే ఉపన్యాసం వచ్చేస్తుంది. లేచి నిలబడ్డాడు. "నిష్ఠ ఏకముఖమైనది కాదు, ఉభయముఖమైనది! ఈ విద్యార్థిని ముందస్తు దరఖాస్తు సమర్పించవలెనా, వలదా అను విషయమును నిశ్చయించుకొను వరకు ఈ విశ్వవిద్యాలయము మరియొక దరఖాస్తును తెరవదు. మరియొక విద్యార్థి వైపు కన్నెత్తి చూడదు. ఇది మా ప్రతిజ్ఞ!"

రిజిస్ట్రారు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు. కుసుమ గారు మాట పొల్లు పోకుండా రాసుకుని, కింద ఉపకులపతి చేత సంతకం పెట్టించుకుంది. ఆయన సంతోషంగా పెట్టాడు. ఇంత మాట విన్నాక ఏ పిల్లయినా అక్కడికక్కడే కళ్ళనీళ్ళతో దరఖాస్తు నింపేస్తుందని ఆయన నమ్మకం.

"చాలా థాంక్సండీ. ఆలోచించుకుని చెప్తాను" అంది లాస్య. నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.

జుట్టు గొరిగించుకున్న కుర్రాడు ఆ సాయంత్రం దాకా కూర్చున్నాడు. తలుపు మళ్ళీ తెరుచుకోలేదు.

మామూలు మనుషులైతే మర్నాడే మాట వెనక్కి తీసుకునేవాళ్ళు. కానీ వారం తిరక్కుండా ర్యాంకుల సంస్థ వాళ్ళ తొలి నివేదిక వచ్చింది. దేశంలోనే మొట్టమొదటిసారిగా విద్యార్థి పట్ల నిష్ఠ చూపిన సంస్థ అని మహోన్నతకి అందులో నూటికి నూరు వేశారు. ప్రతిజ్ఞ తప్పితే ఆ నూరూ పోతుంది. కాబట్టి విశ్వవిద్యాలయం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

పరాంకుశానికి నిర్ణయ నిరీక్షణాధికారిగా పదోన్నతి ఇచ్చి భీమవరం పంపారు. పొద్దున్నే వచ్చి, ఇంటికి ఆనుకునే ఉన్న వీర్రాజు రిపేరు షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. రోజూ రిజిస్ట్రారుకి ఫోన్ చేసి చెప్పేవాడు. "విద్యార్థిని ఇడ్లీ తిన్నది. కాలేజీకి వెళ్ళినది. ముఖమందు మొగ్గు ఏదియు గోచరించలేదు."

నవంబరు అయిపోయింది. ముందస్తు గడువు పొడిగించారు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ పొడిగించారు. మార్చి వచ్చేసింది. మామూలు దరఖాస్తులు మొదలుపెట్టాలి. ముందస్తు ముగియనిదే మామూలు మొదలుకారాదని నియమం. అందుచేత మార్చిని నవంబరుగా పరిగణించవలసిందని ఉత్తర్వు వేశారు. దాన్నిబట్టి అకౌంట్స్ వాళ్ళు మార్చి జీతాన్ని నవంబరులోనే ఇచ్చేశామని వాదించారట. అదో గొడవ.

ఈలోగా ఇంటికి జనం రావడం మొదలైంది. జాతకం తెచ్చినాయన రెండుసార్లు వచ్చాడు. "అమ్మా, అవునను, కాదను. ఏదో ఒకటి అనేస్తే మావాడి ఫైలు తెరుస్తారు" అని బతిమాలాడు. పాలకొల్లు నుంచి ఒకావిడ జీళ్ళు తెచ్చింది. లాస్యకి అన్నం సహించడం మానేసింది. ఆ పిల్ల అడిగింది ఒక ప్రశ్న. దాని బరువు ఇంతుంటుందని ఎవరనుకున్నారు? పరీక్షలు దగ్గర పెట్టుకుని ఉపకులపతి గారికి ఫోన్ చేసింది.

"నాకోసం మిగతావాళ్ళని ఆపొద్దండీ. వాళ్ళని చూసుకోండి. నేనేం అనుకోను."

"మీ ఔదార్యము ప్రశంసనీయము. కాని నిష్ఠకు మినహాయింపు లేదు" అన్నాడు హయగ్రీవం. ఆ మాట కూడా కుసుమ గారికి పంపించాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అనంతలక్ష్మి కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. "నలుగురికొకరు అని తెగ సంబరపడ్డాను. ఆ మిగతా ముగ్గురి సంగతి నాకు తోచనే లేదు. నిన్ను తరిమాను కదే" అంది.

"నువ్వు తరమకపోతే నేను కదిలేదాన్నా? ఒక్కసారి అక్కడికెళ్ళి చూస్తాను అమ్మా. తొట్టి కూడా చూస్తాను. చూసి చెప్పేస్తాను" అంది లాస్య.

పరీక్షలయ్యాక ముగ్గురూ వెళ్ళారు. వాళ్ళ వెనక పరాంకుశం, ఫైలుతో. తొట్టి నిజంగానే గోడంత ఉంది. నీలం నీళ్ళలో పసుపుపచ్చ చేపలు గుంపుగా వెళ్ళి, ఒక్కసారిగా మలుపు తిరిగి వస్తుంటే లాస్య అద్దానికి ముక్కు ఆనించి అలాగే నిలబడిపోయింది. వీర్రాజు నీళ్ళలోకి గాలి పంపే మోటారు చప్పుడు విని, "బేరింగు పోయేలా ఉంది" అన్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఇదే, ఇక్కడే చదవాలి అనిపించేసింది లాస్యకి. ఆ క్షణంలో అడిగి ఉంటే సంతకం పెట్టేసేది.

తొట్టి పక్కన రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె గాజుపలకలు తుడుస్తోంది. "మీకెంత అదృష్టమండీ! రోజూ వీటి దగ్గరే ఉంటారు" అంది లాస్య.

ఆ అమ్మాయి చుట్టూ చూసింది. పరాంకుశం దూరంగా చేపల పేర్లు చదువుకుంటున్నాడు. "నాకు చేపలంటే పెద్ద ఇష్టం లేదు. వచ్చిన రెండో నెలకే లెక్కల మీదకి మనసు మళ్ళింది. ఇక్కడ లెక్కల మేడం అంత బాగా చెప్తారు."

"మరి మారిపోవచ్చుగా?"

"మారకూడదు. ముందస్తుగా వచ్చినవాళ్ళం కదా. నిష్ఠాభంగం కింద రాస్తారు. లెక్కల క్లాసు కిటికీ దగ్గర నిలబడి వింటుంటాను. అది కూడా తెలిస్తే ఊరుకోరు." మళ్ళీ గాజుపలక అందుకుంటూ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

లాస్య చేపల వైపు మళ్ళీ చూసింది. అవి ఇందాకటంత బాగానే ఉన్నాయి. తనే ఇందాకటిలా లేదు. ఇంటర్లో చేరినప్పుడు తనకి డాక్టరు అవ్వాలనుండేది. మొన్నటికి అది చేపలైంది. రేపు ఏమవుతుందో తనకి తెలియదు. తెలియకపోవడం తనలో లోపమేమోనని ఇన్నాళ్ళూ సిగ్గుపడింది. కిటికీ దగ్గర నిలబడి లెక్కలు వినే అమ్మాయిని చూశాక ఆ సిగ్గు పోయింది.

ఉపకులపతి గదిలో హయగ్రీవం, రిజిస్ట్రారు, కుసుమ గారు సిద్ధంగా ఉన్నారు. దరఖాస్తు, పెన్ను, పూలగుత్తి బల్లమీద ఉన్నాయి.

"నేను పెట్టదలచుకోలేదండీ" అంది లాస్య.

హయగ్రీవం దరఖాస్తు వైపు చూశాడు, లాస్య వైపు చూశాడు. "కా... కారణము?"

"మనసు మార్చుకునే వీలున్న చోట చదువుకుందామనుకుంటున్నానండి. మీ తొట్టి మాత్రం చాలా బాగుంది."

"సార్! ఇప్పుడు మిగతావి తెరుద్దామా?" అని రిజిస్ట్రారు ఆదుర్దాగా లేచాడు. ఫోన్లు చేశారు. అప్పటికే వేసవి సగం గడిచింది. నలభై ఎనిమిది వేల మందీ విసుగొచ్చి, ఎక్కడ సీటు దొరికితే అక్కడ చేరిపోయారు. జాతకం తెచ్చినాయన కొడుకు ఏలూరులో చేరిపోయాడట. గ్రహాలు కూడా అటే తిరిగాయని తండ్రి తృప్తిగా చెప్పాడట.

గదిలో అందరి మొహాలూ పాలిపోయాయి, కుసుమ గారిది తప్ప. ఆవిడ లెక్క వేసుకుంటోంది. "కోరినవారు నలభై ఎనిమిది వేలు. చేర్చుకున్నవారు సున్నా. ఇంత కఠినమైన ఎంపిక నా ఉద్యోగంలో చూడలేదు సార్."

హయగ్రీవం నెమ్మదిగా కుర్చీలో నిటారుగా అయ్యాడు. "అనగా...?"

"మొదటి ర్యాంకు."

పూలగుత్తి లాస్యకోసం తెప్పించినది. దాన్ని రిజిస్ట్రారు ఉపకులపతి గారికిచ్చాడు. మర్నాడు పత్రికలవాళ్ళని పిలిచి, ప్రమాణాల విషయంలో ఎవరితోనూ రాజీపడలేదని, వచ్చే ఏడాది కూడా ఇదే స్థాయిని నిలబెట్టుకుంటామని హయగ్రీవం ప్రకటించాడు. అధ్యాపకులు మొదటి సంవత్సరం ఖాళీ తరగతుల్లో వంతులవారీగా ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటున్నారని, హాజరు బాగుందని విన్నాం.

బస్టాండు దాకా పరాంకుశం వాళ్ళతో వచ్చాడు. ఇక నిరీక్షించడానికేమీ లేదు, అయినా వచ్చాడు. బస్సు ఆలస్యమైంది. చెక్కబల్ల మీద లాస్య పక్కన కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"నేను నాదస్వరం నేర్చుకుందామనుకున్నానమ్మా. ఉద్యోగం ముందొచ్చింది. ముందొచ్చిందని చేరిపోయాను."

"ఇప్పుడు నేర్చుకోవచ్చు కదండీ?"

"ఇప్పుడా!" అని గట్టిగా నవ్వి, నవ్వు ఆపేశాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఫైలు బల్లమీదే ఉండిపోయింది. ఆయన చేతివేళ్ళు గాలిలో, ఛాతీ ఎత్తున, ఏదో వాయిస్తున్నట్టు కదిలాయని అనంతలక్ష్మి అంటుంది. చలికి వణికాయేమోనని వీర్రాజు అంటాడు. అది మే నెల.

చేపల కాలేజీలో చేరడానికి లాస్య ఒక్కతే వెళ్ళింది. మెయిన్ గేటు దగ్గర వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆఫీసు గదిలో గుమాస్తా టీ తాగుతూ ఆమె మార్కుల కాగితం తిరగేశాడు. ఈ కాలేజీయే ఎందుకు, ఎప్పట్నుంచి అనుకుంటున్నావ్, ఇంకెక్కడ పెట్టావ్ అని అడుగుతాడని, లాస్య సగం దారి నుంచీ జవాబులు కూర్చుకుంటూ వచ్చింది.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"ఈ కోర్సు నచ్చకపోతే ఏడాదయ్యాక మార్చుకోవచ్చు, అదేం పెద్ద పని కాదు. అది సరేగానీ, హాస్టలా అమ్మా, బస్సు పాసా?"

"బస్సు పాసండి" అంది లాస్య, ఆయన మాట పూర్తవకుండానే.